ఎన్నికల పటమును చదువుట

ఓట్ల లెక్కింపు ముగిసిన మరునాడు వార్తాపత్రికలలో రంగుల పటమొకటి అచ్చగుట మనమెఱిగినదే. ఒక్కొక్క పక్షమునకు ఒక్కొక్క రంగు. ఏ వార్డున నెవరు గెలిచిరో వారి రంగుతో ఆ వార్డునంతయు నింపివేయుదురు. 2020వ సంవత్సరము డిసెంబరులో జరిగిన హైదరాబాదు మహానగరపాలక సంస్థ యెన్నికల ఫలితములను అట్లు గీచిన యెడల, నగరపు తూర్పుభాగము, అనగా నాగోలు మొదలు హయత్‌నగరు వరకును, దిల్‌సుఖ్‌నగరు చుట్టుపట్లును, కొస నుండి కొస వఱకు నొకే రంగుగా కనబడును. ఆ వాడలలో నివసించువారు ఈ పత్రిక చదువరులలో ననేకులు గలరు. ఆ రంగును జూచి, “మా పేటలో నందఱు నొక్క పార్టీవారే” యని యొక విద్యార్థి గర్వించుటయు, “మావారెవ్వరు నిక్కడ లేరు గాబోలు” నని వేఱొక విద్యార్థి చిన్నబోవుటయు సహజము. రెండును పొరపాటు తలంపులే. పటము అబద్ధమాడదు, కాని తనకు దెలిసినదంతయు చెప్పదు. దాని వెనుకనున్న పట్టికను చదువుట యెట్లో యిచ్చట వివరింపబూనితిమి.

మొదట స్థలమును నిర్ణయించుకొందము. లాల్‌బహాదూర్ శాస్త్రిగారి పేర వెలసిన లాల్‌బహాదూర్ నగరును జనులు ఎల్.బి. నగరనియే పిలుతురు. నియోజకవర్గముల హద్దులను తిరిగి గీచినపుడు ఇది ప్రత్యేకముగ నొక శాసనసభా నియోజకవర్గమై, 2009లో మొదటి యెన్నికను చూచెను. 2016లోను 2020లోను నగరము 150 వార్డులుగా విభజింపబడి యుండెను. అందు ఈ నియోజకవర్గమునకు చేరినవి పదునొకండు: నాగోలు, మన్సూరాబాదు, హయత్‌నగరు, బి.ఎన్. రెడ్డి నగరు, వనస్థలిపురము, హస్తినాపురము, చంపాపేట, లింగోజిగూడ, కొత్తపేట, చైతన్యపురి, గడ్డిఅన్నారము. వీనికి 11 నుండి 18 వరకును, 21 నుండి 23 వరకును సంఖ్యలు. నడుమనున్న 19వది సరూర్‌నగరు, 20వది రామకృష్ణాపురము. ఈ రెండును ఇరుగుపొరుగు వీధులే యైనను మహేశ్వరము నియోజకవర్గమునకు చెందినవి.

దిల్‌సుఖ్‌నగరు పేరు ఎఱుగనివారు లేరు. బస్సుల డిపోకు ఆ పేరే. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి. నగరు వఱకు మెట్రో రైలు నడచినప్పుడు ఒక స్టేషనుకును ఆ పేరే పెట్టిరి. కాని యా 150 వార్డులలో దిల్‌సుఖ్‌నగరను వార్డు లేదు! ఆ పేరుతో మనము పిలుచుకొను గల్లీలు పొరుగు వార్డుల నడుమ పంచబడినవి. “దిల్‌సుఖ్‌నగరులో నెవరు గెలిచిరి?” యన్న ప్రశ్నకు పట్టికలో ప్రత్యుత్తరము లేకపోవుటకు కారణమిదియే. ప్రజల నోట నుండు ఊరు వేఱు, ఎన్నికల అధికారి కాగితముపై నుండు ఊరు వేఱు.

ఇక ఆ యెన్నిక జరిగిన తీరు. నవంబరు 17వ తేదిని ప్రకటన వెలువడెను. నామినేషన్లకు మూడు దినములు మాత్రమే గడువు. డిసెంబరు 1న పోలింగు, 4న లెక్కింపు. కోవిడు వ్యాధి వ్యాపించియున్న కాలమగుటచే యంత్రములను విడిచి కాగితపు బ్యాలెటునే వాడిరి. నగరమంతటను నూటికి సుమారు 46½ మంది మాత్రమే ఓటు వేసిరి.

దీనికి ముందు ఒకటిన్నర మాసము క్రిందట, అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన మహావర్షమును ఈ ప్రాంతమువారు మఱవలేదు. సరూర్‌నగరు చెరువు క్రింది కోదండరామనగరు నీట మునిగెను. నాగోలు, హయత్‌నగరు ప్రాంతముల కాలనీలలోను నీరు నిలిచెను. నష్టపడిన కుటుంబమునకు పదివేల రూపాయలిత్తుమని ప్రభుత్వము ప్రకటించెను. దరఖాస్తుల కొఱకు మీసేవా కేంద్రముల యెదుట బారులు తీరి జనులు నిలుచుండగా, నియమావళి యమలులో నున్నదని నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘము ఆ పంపిణీని నిలిపివేసెను. బ్యాలెటు కాగితముపై ముద్ర మాత్రమే పడును. దాని వెనుకనున్న తడిసిన పరుపులు, చెడిపోయిన బియ్యము లెక్కకు రావు.

ఫలితము వచ్చెను. ఎల్.బి. నగరు నియోజకవర్గపు పదునొకండు వార్డులను భారతీయ జనతా పార్టీ గెలిచెను. సరూర్‌నగరు, రామకృష్ణాపురములు గూడ నా పార్టీకే దక్కెను. నగరమంతటను జూచినచో తెలంగాణ రాష్ట్ర సమితికి 56, భారతీయ జనతా పార్టీకి 48, మజ్లిస్ పార్టీకి 44, కాంగ్రెసునకు 2 వార్డులు వచ్చినవి. 2016లో ఇవే లెక్కలు 99, 4, 44, 2, ఒకటి తెలుగుదేశమునకు. ఈ రెండు ఎన్నికలకును వార్డుల హద్దులు మారలేదు గనుక వీనిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చుట న్యాయమే. హద్దులు మారిన యెన్నికలను అట్లు పోల్చరాదు. పేరొకటే యైనను నేల వేఱగును.

ఇప్పుడు రంగు లోపలికి దిగి చూతము. బి.ఎన్. రెడ్డి నగరు వార్డున గెలిచినవారికిని ఓడినవారికిని నడుమ వ్యత్యాసము వంద యోట్లకు లోపే. ఒక అపార్టుమెంటులోనివారు ఆ దినమున ఊరికి పోకయున్నను, పోయియున్నను, ఫలితము తాఱుమాఱయ్యెడిది. అయినను పటమున నా వార్డు తక్కిన పదింటితో సమానమైన రంగునే ధరించెను. రంగునకు చిక్కదనము, పలుచదనము లేవు. పటమునందలి పెద్ద లోపమిదియే యని మా యభిప్రాయము.

లెక్కగా చెప్పుటకు ఒక కల్పిత వార్డును తీసికొందము. ఓటర్లు నూఱుగురు. వారిలో 46 మంది పోలింగు కేంద్రమునకు వచ్చిరి. అభ్యర్థులు ముగ్గురు, గెలిచినవానికి 20, రెండవవానికి 17, మూడవవానికి 9. గెలిచినవాడు న్యాయముగనే గెలిచెను, సందేహము లేదు. కాని వార్డులో అతనిని కోరినవారు ఐదింట నొక్కరే. మిగిలిన నలుగురిలో కొందఱు వేఱొకరిని కోరిరి, ఎక్కువమంది ఇంటనే యుండిరి. పటమునందు ఆ యైదుగురును ఒకే రంగువారైరి! పైన చెప్పిన విద్యార్థు లిరువురును దీనిని మనసున నుంచుకొందురు గాక.

వార్డుల లెక్కకును ఓట్ల లెక్కకును గల యెడము ఇంకను విచిత్రమైనది. 2020లో నగరమంతటను తెలంగాణ రాష్ట్ర సమితికి 12 లక్షలకు కొంచెము పైగా ఓట్లు వచ్చినవి. భారతీయ జనతా పార్టీకి 12 లక్షలకు కొంచెము తక్కువ. నూటికి లెక్క కట్టినచో ఇరువురికిని ముప్పదియైదున్నరకు అటునిటు. భేదము కాలు శాతము మాత్రమే. వార్డులలోనో, భేదము ఎనిమిది. మజ్లిస్ పార్టీకి ఓట్లు సుమారు 6 లక్షల 30 వేలు మాత్రమే, అనగా పై వారిలో నొకరికి వచ్చిన దానిలో సగమునకు కొంచెము హెచ్చు. అయినను 44 వార్డులు దక్కెను. కారణమేమి? ఆ పార్టీ పోటీచేసిన వార్డులు 51 మాత్రమే. దాని యోటర్లు పాతనగరమున దట్టముగా నున్నారు. కాంగ్రెసునకు 2 లక్షల 24 వేల ఓట్లు వచ్చియు, అవి నగరమంతట చల్లిన గింజలవలె చెదరిపోవుటచే రెండు వార్డులే మిగిలెను. భాగించి చూచినచో ఒక్కొక్క వార్డునకు సమితి వెచ్చించినది సుమారు ఇరువదియొక్క వేలయైదు వందల ఓట్లు. భారతీయ జనతా పార్టీ సుమారు ఇరువదియైదు వేలు. మజ్లిస్ పదునాలుగు వేలకు కొంచెము పైగా. కాంగ్రెసు లక్షా పండ్రెండు వేలు. ఓటర్లు ఎందఱన్నది యొక ప్రశ్న, ఎక్కడ నున్నారన్నది మఱియొక ప్రశ్న. వార్డు పద్ధతిలో రెండవ ప్రశ్నయే యొక్కొక్కప్పుడు మొదటి దానిని మ్రింగివేయును.

లింగోజిగూడ వార్డు కథను వేఱుగ చెప్పవలెను. అక్కడ గెలిచిన ఆకుల రమేశ్ గౌడుగారు ప్రమాణస్వీకారమునకు ముందే మరణించిరి. 2021 ఏప్రిలు 30న ఉపయెన్నిక జరిగెను. తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థిని నిలుపలేదు. కాంగ్రెసు మాత్రము పోటీచేసి గెలిచెను. అయిదు మాసముల లోపల నదే వార్డు, అవే హద్దులు, దాదాపు అవే యోటర్ల జాబితాలు. మారినదేమి? పోటీలో నున్నవారి సంఖ్య. ముగ్గురు పోటీపడినప్పుడు గెలిచిన పక్షము, ఇద్దఱే మిగిలినప్పుడు ఓడిపోవచ్చును. కావున ఏ ఫలితమును జూచినను, “ఎవరు గెలిచిరి?” యని యడుగుటతో నాగక, “ఎవరెవరు నిలిచిరి?” యనియు నడుగవలయును.

ఈ విధమైన పట్టికలు మన దేశమునకే పరిమితములు గావు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో చాల రాష్ట్రములను కౌంటీలుగా విభజించి, ఫలితములను కౌంటీల వారీగా ప్రకటింతురు. అచ్చట సాధారణ యెన్నికకు ముందు ‘ప్రైమరీ’ యను నెన్నిక యుండును. పార్టీ తరఫున నెవరు నిలువవలెనో ఓటర్లే ఓటువేసి తేల్చెదరు. పశ్చిమ వర్జీనియా యను కొండల రాష్ట్రమున కౌంటీలు 55. 2008లో డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీయందు హిల్లరీ క్లింటను గారు ఆ 55 కౌంటీలను గెలిచిరి. ఎనిమిదేండ్లకు, 2016 మే 10న, అదే పార్టీ ప్రైమరీయందు ఆమెయే ఆ 55 కౌంటీలలో ఓడిరి. బెర్నీ శాండర్సు గారు అన్నిటను గెలిచిరి. అదే సంవత్సరము నవంబరున జరిగిన సాధారణ యెన్నికలో రిపబ్లికను అభ్యర్థి డోనాల్డు ట్రంపు గారు మరల నా 55 కౌంటీలను గెలిచిరి. మూడు పర్యాయములు పటము ఒకే రంగు, మూడు పర్యాయములును రంగు వేఱు.

అయితే యొక భేదము గమనింపదగినది. 2016 ప్రైమరీలో శాండర్సు గారికి నూటికి 51, క్లింటను గారికి 36 ఓట్లు వచ్చినవి. పార్టీ మహాసభకు పంపు ప్రతినిధులను ఓట్ల నిష్పత్తిని బట్టి పంచిరి గనుక అతనికి 18 మంది, ఆమెకు 11 మంది వచ్చిరి. ఒక్క కౌంటీనైన గెలువకయే ఆమె పదునొకండుగురు ప్రతినిధులను పొందెను! మన పదునొకండు వార్డులలో రెండవ స్థానమున నిలిచినవారికి అట్టి భాగమేమియు లేదు. ఓడినవారి యోట్లు పట్టికలో మిగులును, సభలో మిగులవు.

అభ్యర్థి నెన్నుకొను విషయమునను మనకును వారికిని దూరము చాల గలదు. మన పార్టీలలో పెద్దలు కూర్చుండి పేరును నిశ్చయించి, బి-ఫారము నిచ్చెదరు. అది చేత బట్టినవాడే అభ్యర్థి. 2020లో నామినేషన్లకు గడువు మూడు దినములే గనుక, చాల వార్డులలో తమకు నిలిచిన దెవ్వరో ఓటర్లకు చివరి క్షణముననే తెలిసెను. అపొస్తలుల కార్యముల గ్రంథము మొదటి యధ్యాయమున యూదా స్థానమునకు ఇద్దఱిని నిలువబెట్టి, చీట్లు వేసి, మత్తీయను ఏర్పఱచుకొనిన కథ మన విద్యార్థులు చదివినదే. చీట్లు వేయుట చివరి మెట్టు. ఆ యిద్దఱిని నిలువబెట్టుట మొదటి మెట్టు. మన యోటరునకు చివరి మెట్టు మాత్రమే యప్పగింపబడినది. ప్రైమరీ పద్ధతిలోను లోపములు లేకపోలేదు, ధనవ్యయము అపారము. అయినను మొదటి మెట్టున ఓటరునకు చోటిచ్చుట దానియందలి గుణము.

తిరిగి మన వాడలకే వత్తము. ఎల్.బి. నగరు శాసనసభా స్థానమును 2014లో తెలుగుదేశము తరఫున ఆర్. కృష్ణయ్య గారు గెలిచిరి. 2018లో కాంగ్రెసు తరఫున డి. సుధీర్ రెడ్డి గారు గెలిచి, పిమ్మట తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరిరి. ఈ నియోజకవర్గము మల్కాజిగిరి లోకసభా స్థానములోని యేడింటిలో నొకటి. 2019లో ఆ స్థానమును కాంగ్రెసు తరఫున రేవంత్ రెడ్డి గారు గెలిచిరి. 2020లో వార్డులన్నియు భారతీయ జనతా పార్టీవి. 2023లో శాసనసభకు మరల సుధీర్ రెడ్డి గారే, ఈసారి భారత రాష్ట్ర సమితియని పేరు మార్చుకొనిన పార్టీ తరఫున. భారతీయ జనతా పార్టీ రెండవ స్థానమున నిలిచెను. 2024లో మల్కాజిగిరి లోకసభకు భారతీయ జనతా పార్టీ తరఫున ఈటల రాజేందరు గారు మూడు లక్షల తొంబదివేలకు పైబడిన ఆధిక్యముతో గెలిచిరి. పదేండ్లలో ఆ వీధులపై నాలుగు పార్టీల రంగులు పడినవి. వీధులవారు పదేపదే మారిపోయిరా? లేదు. ఓటు వేయ వచ్చినవారు, పోటీకి నిలిచినవారు, అడిగిన ప్రశ్న, ఈ మూడును ప్రతిసారియు మారినవి. నగరపాలక సంస్థకు వేసిన యోటు మురుగుకాలువను గూర్చినది. లోకసభకు వేసినది ఢిల్లీని గూర్చినది.

అభ్యాసము కోరువారు తమ వార్డు ఫలితమును సంపాదించి, వరుసగా నైదు గళ్లు గీయవలెను: మొత్తము ఓటర్లు, పోలైన ఓట్లు, గెలిచినవారికి వచ్చినవి, రెండవవారికి వచ్చినవి, చెల్లనివి. కాగితపు బ్యాలెటు కాలమున ఈ యైదవ గడియే యొక్కొక్కప్పుడు గెలుపోటముల నడుమనున్న వ్యత్యాసమును మించియుండును.