చూపు లేకుండా చక్కెర కొలవడం

రక్తంలో చక్కెర బాగా పెరిగితే కంటి కటకంలో నీటి సమతుల్యత మారి, దాని ఆకారం కాస్త తేడాపడుతుంది. నిన్న స్పష్టంగా కనబడిన అక్షరాలు ఇవాళ మసకబారతాయి. చక్కెర మరీ పడిపోయినా చూపు మసకేస్తుంది. అంటే గ్లూకోమీటర్ తెర మీది అంకె ఏ రోజు తప్పనిసరిగా చదవాలో, సరిగ్గా ఆ రోజే అది చదవరాకుండా పోవచ్చు. మధుమేహం వల్ల రెటినా దెబ్బతిన్నవారికైతే ఏ రోజైనా ఇదే ఇబ్బంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనే అని అంచనా వేసింది. వారిలో చూపు తగ్గినవారు ఇంట్లో పరీక్ష ఎలా చేసుకోవాలన్నది చిన్న ప్రశ్నేమీ కాదు.

మొదట్లో ఈ పరీక్షకు కళ్లే సాధనం. 1960ల మధ్యలో అమెరికాలో వచ్చిన డెక్స్ట్రోస్టిక్స్ పట్టీ మీద పెద్ద రక్తపు బొట్టు వేసి, నిమిషం ఆగి, నీటితో కడిగి, తేలిన రంగును సీసా మీది రంగులతో పోల్చి చూసేవారు. ఇప్పటి స్ట్రిప్‌లలో చాలావాటికి రంగుతో పని లేదు. వాటిలోని ఎంజైము గ్లూకోజ్‌తో చర్య జరిపినప్పుడు ఎలక్ట్రాన్లు వెలువడతాయి. మీటర్ ఆ సన్నని విద్యుత్ ప్రవాహాన్ని కొలిచి అంకెగా మారుస్తుంది. రక్తాన్ని స్ట్రిప్ తనంతట తానే లోపలికి పీల్చుకుంటుంది. దీపం వత్తి నూనెను పీల్చుకున్నట్టే, సన్నని ఖాళీలోకి ద్రవం పాకే కేశనాళికా చర్య ఇది. అరమైక్రోలీటరు రక్తంతో పని జరిగిపోయే మీటర్లున్నాయి. కాబట్టి కొలత వరకూ కంటితో పని లేదు. చిక్కంతా రెండు చోట్లే ఉంది: బొట్టును స్ట్రిప్ అంచుకు చేర్చడం, వచ్చిన అంకెను తెలుసుకోవడం.

మొదటిది చేతి అలవాటుతో వస్తుంది. అంచున్న స్టీలు పళ్లెం ఒకటి తీసుకుని మీటర్, స్ట్రిప్‌ల డబ్బా, సూది పెన్ను, దూది రోజూ ఒకే వరసలో పెట్టుకోండి. చేయి జారినవి పళ్లెంలోనే ఉంటాయి. స్ట్రిప్ ఏ కొసను మీటర్‌లో పెట్టాలో, ఏ వైపు పైకి ఉండాలో మొదట చూపున్నవారితో చెప్పించుకుని, వేలికి తగిలే తేడాను గుర్తుపెట్టుకోవాలి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. మామిడిపండు కోసిన వేలికి అంటిన రసం చాలు, రీడింగ్ ఎక్కువ చూపడానికి. స్పిరిట్ వాడితే అది ఆరేదాకా ఆగాలి.

సూదిని వేలి కొస మధ్యలో కాక గోటి పక్కన గుచ్చుకోవాలి. అక్కడ నొప్పి తక్కువ. బ్రెయిలీ చదివేవారు చదివే వేలిని అసలు వాడకపోవడమే మంచిది. చేయి కిందికి వేలాడదీసి, అరచేతి నుంచి కొస వైపు మెల్లగా నిమిరితే బొట్టు వస్తుంది. ఇప్పుడు చాలామంది స్ట్రిప్‌ను వేలి మీదికి తెచ్చి తడుముకుంటారు. దానికంటే మీటర్‌ను బల్ల మీద కదలకుండా ఉంచి, రెండో చేతి వేలిని స్ట్రిప్ పక్కన ఆనించి, దాని వెంటే గుచ్చిన వేలిని గోరు అంచు ఆనవాలుగా జరపడం సులువు. రక్తం సరిపోగానే బీప్ మోగే మీటర్ అయితే సందేహం ఉండదు. రక్తం చాలకపోతే మంచి మీటర్ తప్పు అంకె ఇవ్వదు, లోపం ఉందని చెబుతుంది. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్న కొందరికి నరాలు దెబ్బతిని వేళ్లలో స్పర్శ కూడా తగ్గుతుంది. వారికి తడి తెలియదు కాబట్టి బీప్ ఉండి తీరాలి.

అసలు ప్రమాదం రెండో చోట ఉంది. చాలామంది ఫోన్ కెమెరాతో తెరను చూపించి అంకెను చదివించుకుంటున్నారు. మీటర్ అంకె ఏడు గీతలతో ఏర్పడుతుంది. 6కు కుడివైపు పై గీత ఒక్కటి కలిస్తే 8 అవుతుంది. వెలుగు తెర మీద పడి మెరిస్తే యాప్ పొరబడవచ్చు. మీటర్ల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్న ఫలితాల్లో 95 శాతం ప్రయోగశాల విలువకు 15 శాతం లోపు తేడాతో ఉండాలి. 68ని 88గా విన్న మనిషికి అంతటి కచ్చితత్వం ఏం ఉపయోగం? 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు టీ చెంచాలు, తీసుకుని 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. 88 అని విన్నవారు పడుకుంటారు. ఇంకో పొరపాటు, మీటర్ జ్ఞాపకంలోని నిన్నటి అంకెను ఇవాళ్టిదిగా చదవడం.

అందుకే కెమెరా కంటే మాట్లాడే మీటర్ మేలు. అది దొరకకపోతే బ్లూటూత్‌తో అంకెను నేరుగా ఫోన్‌కు పంపే మీటర్ ఎంచుకోవచ్చు. అక్కడ అంకె చిత్రంగా కాక సమాచారంగానే చేరుతుంది కాబట్టి 6, 8 తికమక ఉండదు. ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్ దాన్ని తెలుగులో కూడా చదవగలదు, యాప్ తయారుచేసినవారు బటన్లకు పేర్లు పెట్టి ఉంటే. పెట్టకపోతే వినబడేది ‘బటన్, బటన్’ అనే. అందరూ వాడగలిగే వస్తువుల తయారీని ప్రభుత్వాలు ప్రోత్సహించాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. వైద్య పరికరాల యాప్‌లకు ఆ మాట ఇంకా బాగా వినబడాల్సి ఉంది.

చేతి వెనుక అతికించే సెన్సర్లు వేలి పోట్లను బాగా తగ్గిస్తాయి, చక్కెర పడిపోతే అలారం మోగిస్తాయి. కానీ ఒక్కోటి కొన్ని రోజులే పనిచేస్తుంది, ధర వేల రూపాయల్లో ఉంటుంది. పైగా అవి కొలిచేది రక్తంలో కాదు, కణాల మధ్య ద్రవంలో. చక్కెర వేగంగా మారుతున్నప్పుడు ఆ అంకె కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. చెమటలు, వణుకు ఉండి సెన్సర్ మాత్రం అంతా బాగుందంటే వేలి పరీక్షే చేయాలి.

మీటర్ కొనేటప్పుడు దుకాణంలోనే పెట్టె తెరిపించండి. కళ్లు మూసుకుని స్ట్రిప్ పెట్టి చూడండి. బీప్ వినబడుతోందా, ఫలితం మాటగా వస్తోందా, పాత రీడింగ్‌కూ కొత్తదానికీ తేడా తెలుస్తోందా? స్ట్రిప్‌ల డబ్బా తెరిచిన తేదీని ఫోన్‌లో గొంతుతో రికార్డు చేసుకోండి. గడువు డబ్బా మీద చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. వాడిన సూదులను మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ సీసాలో వేసి, దాన్ని పళ్లెం పక్కనే ఎప్పుడూ ఒకే చోట ఉంచుకోండి.