పూలలోయ చూడటానికి ఒక్క రోజు సరిపోతుందా?

ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ జాతీయ ఉద్యానవనానికి ఒక పగలు చాలు. కానీ ఆ పగలు ఘాంగరియాలో మొదలవ్వాలి. గోవింద్‌ఘాట్ దాటాక పుల్నా వరకే వాహనాలు వెళ్తాయి. అక్కడి నుంచి ఘాంగరియాకు దాదాపు 10 కిలోమీటర్ల ఎక్కుడు. పార్కు లోపల బస చేయనివ్వరు కాబట్టి రాత్రి ఘాంగరియాలోనే ఉండాలి.

ఈ బస శరీరానికీ అవసరమే. ఘాంగరియా 3,000 మీటర్లకు పైన ఉంది. అంత ఎత్తులో గాలి పలచబడి, పీల్చే ప్రతి శ్వాసలో ప్రాణవాయువు తగ్గుతుంది. మైదానాల నుంచి వెళ్లినవారికి తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం రావచ్చు. అవి తగ్గేదాకా ఇంకా పైకి ఎక్కకూడదు. నడకలో తూలుతున్నా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నా ఆ మనిషిని వెంటనే కిందికి దించాలి. కాస్త ఓర్చుకుంటే అదే తగ్గుతుందనుకోవడం, ముఖ్యంగా పెద్దవాళ్ల విషయంలో, ప్రాణాలకే ముప్పు.

లోయ జూన్ నుంచి అక్టోబరు వరకే తెరిచి ఉంటుంది. పూలు నిండుగా ఉండేది జులై, ఆగస్టుల్లో. కొండచరియలు ఎక్కువగా విరిగిపడేదీ అప్పుడే. రైలో విమానమో అందుకోవాల్సినవారు ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి. లోయలోకి కంచరగాడిదలను రానివ్వరు. నడవలేనివారిని బుట్టలో మోసుకెళ్లే కూలీలు ఘాంగరియాలో దొరుకుతారు.