క్లారిస్ ఎందుకు అలా అయింది? – ‘హానిబల్’ నవల మీద మా గదిలో జరిగిన చర్చ

ఈ సంచికకు ఇంగ్లీషు వ్యాకరణం మీదో, పోటీ పరీక్షల మీదో ఒక పాఠం రాయమని వార్డెన్ సారు మమ్మల్ని అడిగారు. మేము మాత్రం ఒక నవల మీద వచ్చిన తగవు గురించి రాస్తున్నాం. ఎందుకంటే ఆ తగవులో మేము వ్యాకరణం కన్నా ఎక్కువే నేర్చుకున్నాం.

ఇంగ్లీషు బాగుపడాలని మా గదిలో ఆరుగురం ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని నవలలు చదవడం మొదలుపెట్టాం. హైదరాబాదు వెళ్ళిన మిత్రుడొకడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో రెండు కొనుక్కొచ్చాడు. ఒకరు పైకి చదవాలి, ఒకరు డిక్షనరీ చూడాలి, మిగతావాళ్ళు వినాలి. ఇదీ మా పద్ధతి. మొదటి పుస్తకం ముగిసిన రోజు చప్పట్లు కొట్టాం. రెండోది ముగిసిన రోజు ఇద్దరు మిత్రులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా భోజనానికి వెళ్ళారు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇవి పెద్దవాళ్ళ కోసం రాసిన నవలలు, హింస ఎక్కువ. హైస్కూలు తమ్ముళ్ళు ఇప్పుడే చదవనక్కరలేదు. చదవబోయే పెద్దవాళ్ళకు ఇంకో హెచ్చరిక: చివర ఏం జరుగుతుందో ఈ వ్యాసంలో చెప్పేస్తున్నాం.

రచయిత, ఆయన పుస్తకాలు

థామస్ హారిస్ అమెరికా రచయిత. నవలల్లోకి రాకముందు పత్రికా విలేకరిగా పనిచేశారు. 1981లో ‘రెడ్ డ్రాగన్’, 1988లో ‘ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’, 1999లో ‘హానిబల్’, 2006లో ‘హానిబల్ రైజింగ్’ రాశారు. నాలుగింటిలోనూ హానిబల్ లెక్టర్ అనే పాత్ర ఉంటుంది. అతను గొప్ప మానసిక వైద్యుడు, మనుషులను చంపి తినే హంతకుడు కూడా. రెండో నవల 1991లో సినిమాగా వచ్చింది. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే అనే ఐదు ముఖ్యమైన ఆస్కార్లూ 1992లో ఆ సినిమాకే వచ్చాయి.

క్లారిస్ మాకు ఎందుకు నచ్చింది?

‘సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’లో నాయిక క్లారిస్ స్టార్లింగ్. క్వాంటికోలోని ఎఫ్.బి.ఐ. అకాడమీలో శిక్షణ పొందుతున్న విద్యార్థిని. తండ్రి చిన్న ఊళ్ళో రాత్రి కాపలా కాసే ఉద్యోగి. దొంగల తుపాకీకి బలయ్యాడు. తల్లి మోటల్ గదులు శుభ్రం చేసి పిల్లలను సాకింది. అది చాలక పెద్దపిల్ల క్లారిస్‌ను మోంటానాలో చుట్టాల ఇంటికి పంపింది. అక్కడ గొర్రెపిల్లలను కోస్తుంటే అవి అరిచిన అరుపు విని, ఆ పిల్ల ఒక గుర్రాన్ని వెంటబెట్టుకుని పారిపోయింది. చివరికి అనాథాశ్రమంలో పెరిగింది, చదివింది, పైకి వచ్చింది.

లెక్టర్ ఆమెను చూసిన మొదటిరోజే ఆమె చేతిసంచి మంచిదనీ, చెప్పులు చవకవనీ కనిపెడతాడు. ఆమె పేదరికాన్ని ఎత్తి చూపుతాడు. ఆమె తొణకదు. ఆ పేజీ చదివినప్పుడు మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాలేజీలో చేరిన మొదటిరోజు మన చెప్పులకేసి చూసిన కళ్ళు మనకు మాత్రం తెలియవా?

ఇంకో సంగతి. క్లారిస్‌కు అర్డీలియా మ్యాప్ అనే రూమ్‌మేట్ ఉంది. నల్లజాతి అమ్మాయి, చదువులో దిట్ట. క్లారిస్ కేసు మీద తిరుగుతూ పాఠాలు పోగొట్టుకుంటుంటే ఆమె పరీక్షల్లో వెనకబడకుండా చూసేది ఈ మ్యాప్. హాస్టల్లో చదివినవాళ్ళెవరికైనా ఇలాంటి మిత్రుడో, మిత్రురాలో ఉండే ఉంటారు. అందుకే క్లారిస్ మాకు పరాయిదనిపించలేదు.

రెండో పుస్తకంలో ఏమైంది?

పుస్తకాల మధ్య 11 ఏళ్ళు గడిచినా కథలో గడిచింది 7 ఏళ్ళే. చేపల మార్కెట్ దగ్గర ఒక దాడి బెడిసికొడుతుంది. చంటిబిడ్డను ఎత్తుకుని కాల్పులు జరుపుతున్న స్త్రీని క్లారిస్ కాల్చవలసి వస్తుంది. బిడ్డను కాపాడుతుంది. అయినా పత్రికలు ఆమెను దుమ్మెత్తిపోస్తాయి, ఆఫీసు తప్పంతా ఆమె మీదకు నెడుతుంది. క్రెండ్లర్ అనే అధికారికి ఆమె మీద పాత పగ. తన కోరికకు ఆమె లొంగలేదని ఏళ్ళ తరబడి ఆమె పైకి రాకుండా అడ్డుపడుతూ ఉంటాడు.

మరోవైపు మేసన్ వెర్జర్ అనే కోటీశ్వరుడు పాత కక్షతో లెక్టర్‌ను పట్టి బతికుండగానే పందులకు వేయాలని చూస్తాడు. చట్టాన్ని నమ్మిన క్లారిస్ వెళ్ళి లెక్టర్‌ను విడిపిస్తుంది. ఆ గొడవలో మత్తు సూదులు తగిలి పడిపోతుంది. లెక్టర్ ఆమెను ఎత్తుకుపోతాడు. రోజుల తరబడి మందులిచ్చి, హిప్నాటిజం చేస్తాడు. ఒకరోజు భోజనాల బల్ల దగ్గర క్రెండ్లర్ బతికుండగానే అతని మెదడు తీసి వండి వడ్డిస్తాడు. క్లారిస్ కూడా తింటుంది. తరువాత ఇద్దరూ జంటగా మాయమవుతారు. మూడేళ్ళకు బ్యూనస్ ఐరిస్‌లోని నాటకశాలలో కనబడతారు. కథ అంతే.

లోకం రెండుగా చీలింది

ఈ ముగింపు మీద 1999లోనే పెద్ద దుమారం లేచింది. స్టీఫెన్ కింగ్ న్యూయార్క్ టైమ్స్‌లో ఈ నవలను ఆకాశానికెత్తారు, భయానక నవలల్లో ‘ద ఎగ్జార్సిస్ట్’ సరసన నిలబెట్టారు. హారిస్ పాత నవలలను మెచ్చుకున్న మార్టిన్ ఎమిస్ మాత్రం దీన్ని చీల్చి చెండాడారు. 2001లో సినిమా వచ్చింది. మొదటి సినిమా దర్శకుడు జొనాథన్ డెమీ గానీ, నాయిక జోడీ ఫాస్టర్ గానీ అందులో లేరు. రిడ్లీ స్కాట్ తీశారు, జూలియన్ మూర్ నటించారు. ముగింపు పూర్తిగా మార్చేశారు. సినిమాలో క్లారిస్ లెక్టర్ చేతికి తన చేతితో కలిపి బేడీ వేస్తుంది. అతను తన చెయ్యే నరుక్కుని పారిపోతాడు. ఆమె చట్టం వైపే నిలబడుతుంది.

మా గదిలో వాదన

ఒక పక్షం ఇలా అంది: “రచయిత మోసం చేశాడు. ఇంత కష్టపడి పైకొచ్చిన పిల్లను ఒక రాక్షసుడి ఒళ్ళో పడేశాడు. మొదటి పుస్తకంలో గొర్రెపిల్లల అరుపు విని నిద్రపోలేని అమ్మాయి రెండో పుస్తకంలో మనిషి మాంసం ఎలా తింటుంది?”

రెండో పక్షం ఇలా అంది: “మోసం చేసింది రచయిత కాదు, ఆమె ఆఫీసు. నిజాయితీగా పనిచేసినందుకు ఏం దక్కింది? మంచి జరిగితే మనకు హాయిగా ఉంటుంది, కానీ లోకం అలా లేదని రచయిత చూపించాడు.”

ఆ ఆదివారం మమ్మల్ని చూడటానికి వచ్చిన పూర్వ విద్యార్థి ఒకాయన, ప్రభుత్వ ఉద్యోగి, రెండో పక్షం వైపు మాట్లాడారు. ప్రమోషన్ జాబితాలో తన పేరు ఎన్నిసార్లు దాటిపోయిందో చెప్పారు. అది విని మా జూనియర్ ఒకడు అడిగాడు: “అయితే అన్నా, చదివి ఏం లాభం?”

తగవు నవల మీద కాదని అప్పుడు తెలిసింది. క్లారిస్ ఓడిపోతే మనమూ ఓడిపోతామేమోనన్న భయం మా అందరిలోనూ ఉంది.

మేము నేర్చుకున్న మూడు ప్రశ్నలు

మరుసటి ఆదివారం పుస్తకం మళ్ళీ తెరిచి, పేజీలు చూపించి మాట్లాడాలని నియమం పెట్టుకున్నాం. మూడు ప్రశ్నలు వేసుకున్నాం.

1. నాకు నచ్చలేదా, లేక రాత బాగాలేదా? ఈ రెండూ వేరు. బాధపెట్టిన ప్రతి పుస్తకమూ చెడ్డది కాదు. ఆఫీసు ఆమెను బలి చేసే అధ్యాయాలు మాకు బాధ కలిగించాయి, అయినా అవి బాగా రాసినవే. ఒక్కొక్క మెట్టూ కనబడుతుంది.

2. ఈ మార్పుకు కారణాలు పుస్తకంలో ఉన్నాయా? కోపానికి కారణాలున్నాయి. తండ్రి మీద బెంగ మొదటి పుస్తకం నుంచీ ఉంది. ఉద్యోగం వదిలి వెళ్ళిపోయిందంటే నమ్ముతాం. కానీ కోపం నుంచి ఆ భోజనాల బల్ల దాకా వెళ్ళే దారిలో మందు సీసా తప్ప మరేమీ కనబడలేదు.

3. నిర్ణయం ఎవరిది? అసలు ముడి ఇక్కడుంది. రెండో పక్షం మిత్రుడు ఒక మంచి పేజీ చూపించాడు. లెక్టర్‌కు చిన్నప్పుడు యుద్ధంలో చనిపోయిన మిషా అనే చెల్లెలుంది. క్లారిస్ మనసు చెరిపేసి ఆ చోట మిషాను నింపాలని అతని ఎత్తు. క్లారిస్ ఎదురు ప్రశ్న వేసి ఆ ఎత్తును చిత్తు చేస్తుంది. కాబట్టి ఆమె బుద్ధి పూర్తిగా చావలేదు. మొదటి పక్షం దీన్ని ఒప్పుకుంది. అయితే ఒకటి అడిగింది: మత్తులో ఉన్న మనిషి ‘సరే’ అంటే అది ఒప్పుకోలు అవుతుందా? కాదని చివరికి ఆరుగురమూ ఒప్పుకున్నాం.

మా తీర్పు ఇది. ఆఫీసు చేసిన అన్యాయాన్ని చూపించడంలో హారిస్ ధైర్యం చేశారు. కానీ క్లారిస్ తన చేత్తో తీసుకోవలసిన నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని మందుకు అప్పగించారు. ఆమె తెలివితో ఉండి చట్టాన్ని విడిచిపెట్టి ఉంటే కథ ఇంకా భయంకరంగా, ఇంకా నిజంగా ఉండేది. సినిమావాళ్ళు ఆమె నిర్ణయం ఆమెకు తిరిగి ఇచ్చారు, కానీ ఆమెకు జరిగిన అన్యాయం సంగతి తేల్చకుండానే వదిలేశారు. రెండు ముగింపులూ సగం సగమే.

జూనియర్ ప్రశ్నకు జవాబు

“చదివి ఏం లాభం?” అన్న ప్రశ్నకు మేము అర్డీలియా మ్యాప్‌ను చూపిస్తాం. ఆమెదీ అదే అకాడమీ, అదే ఉద్యోగం. కష్టకాలంలో క్లారిస్ పక్కన నిలబడింది. అయినా క్లారిస్ తన బాధ చాలావరకు లోపలే దాచుకుంది. లెక్టర్ వాసన పట్టింది ఆ ఒంటరితనాన్నే. చదువు క్లారిస్‌ను మోసం చేయలేదు. అన్యాయం జరిగినప్పుడు ఒంటరిగా మోయడమే ఆమెను ముంచింది.

చదువు మనకు ఉద్యోగం తెస్తుంది. ఆ ఉద్యోగంలో మన చెప్పులకేసి చూసేవాళ్ళు ఉంటారు, మన పేరు దాటించేవాళ్ళూ ఉంటారు. అప్పుడు రూమ్‌మేట్‌కు ఫోన్ చేయండి. ప్రమోషన్ సంగతి చెప్పిన ఆ అన్న వెళ్ళేముందు మా ఆరుగురి నంబర్లూ రాసుకున్నారు. తన నంబరు గది గోడ మీద రాసి వెళ్ళారు.

ఆలోచించండి

– మీకు నచ్చిన పాత్ర తరువాతి భాగంలో పాడైపోతే, రచయితను తప్పుపట్టే హక్కు పాఠకుడికి ఉందా?
– ఏదైనా సినిమా రెండో భాగం తీసుకుని పై మూడు ప్రశ్నలూ వేయండి. జవాబుకు సన్నివేశం చూపించాలి, ఊరికే బాగుంది, బాగాలేదు అంటే మార్కులు లేవు.
– క్లారిస్ మీ గదిలో ఉండి ఉంటే ఆ రోజు మీరు ఆమెకు ఏం చెప్పేవారు? పది వాక్యాలు రాసి, వచ్చే ఆదివారం మా గదికి తీసుకురండి.