ముందు వంటామెను వెదకండి

ప్రశ్న: మాది పత్తికొండ దగ్గర పల్లె. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు వానల్లేక మావాళ్ళు గుంటూరు పక్కకు మిరపకోతల సుగ్గికి పోతా నన్నూ తోడుకొని పోబోయినారు. లెక్కల సారు ఇంటికొచ్చి, మా నాయనకు నచ్చజెప్పి హాస్టల్లో చేర్పించినాడు. అక్కడి వంటామె రాత్రిపూట చదువుకునే నాకోసం రొట్టె దాచిపెట్టేది. ఇప్పుడు కడపలో ఉద్యోగం చేస్తున్నా. సారు రిటైరై ఇక్కడే ఉన్నారు. సన్మానం చేస్తామంటే వద్దంటున్నారు. ఆమె ఎక్కడుందో తెలీదు. వీళ్ళ రుణం ఎట్లా తీర్చుకోవాలి?

జవాబు: సారు వద్దన్నారు గదా, బలవంతం చేయొద్దు. ఒక సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటికే వెళ్ళండి. ఆయన ఆనాడు రాకపోయి ఉంటే మీరు ఏ మిరపచేలో ఉండేవారో వాళ్ళ ముందే చెప్పండి. ఆయనకు ఆ రోజు గుర్తుండకపోవచ్చు, నొచ్చుకోకండి. అలాంటి గడపలు ఎన్ని ఎక్కారో! పత్తికొండ పక్క ఇప్పటికీ సుగ్గికి పోయే ఇళ్ళున్నాయి. ఈ ఏడు ఒక బిడ్డ చదువు ఆగకుండా ఏం చేయొచ్చో ఆయన్నే అడగండి. సన్మానం వద్దన్న మనిషి దీనికి కాదనరు.

నేనైతే మాత్రం ముందు వంటామెను వెదుకుతాను. సారును తలుచుకునే శిష్యులు ఇంకా ఉంటారు. ఆమెను ఎవరు తలుస్తారు? మీరుండే కడపనే చూడండి. 1820లో ఇక్కడికి ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాటాకు ప్రతులను పరిష్కరింపజేశారు. ఆయన బంగళా ఉన్నచోటే ఆయన పేర గ్రంథాలయం వెలిసిందంటే అది జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ళ తరబడి పడిన పాట్ల ఫలం. హనుమచ్ఛాస్త్రి గారికి చేతులెత్తి మొక్కుతాను. కానీ బ్రౌన్ దగ్గర కళ్ళు అలిసేలా పనిచేసిన జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి ఎంతమందికి తెలుసు? అది నన్ను బాధపెడుతుంది.

హాస్టల్‌కు వెళ్ళి అడగండి, మీతో చదివినవాళ్ళకు ఫోన్ చేయండి. ఆమె కనిపిస్తే చీర చేతిలో పెట్టి గబగబా వచ్చేయకండి. కూర్చుని ఆ రొట్టె మాట చెప్పండి. పింఛను అందుతోందో లేదో కనుక్కోండి, అందకపోతే సచివాలయానికి మీరే తోడు వెళ్ళండి. ఒకవేళ ఆమె లేదని తెలిస్తే బిడ్డలను కలవండి. వాళ్ళమ్మ మీకోసం ఏం దాచిపెట్టేదో వాళ్ళకు తెలియకపోవచ్చు.