గుర్రం మార్చిన కత్తి

చైనాలో షియాన్ నగరం దగ్గర 1974లో మట్టి సైనికుల బొమ్మలు బయటపడ్డాయి. వాటితోపాటు కంచు కత్తులు కూడా దొరికాయి. అవి క్రీ.పూ. 3వ శతాబ్దానివి. పొడవు సుమారు 90 సెంటీమీటర్లు, పదును రెండు వైపులా. ఈ రకాన్ని 'జియాన్' అంటారు. రాగిలో తగరం పాలు పెరిగితే కంచు గట్టిపడుతుంది, కాని సుద్దముక్కలా పెళుసవుతుంది. అది పొడవడానికి పనికొస్తుంది. బలంగా నరికితే విరగవచ్చు.

రోమన్ కాలిబంటు కూడా పొడిచేవాడే. ముందు బల్లెం విసిరి, తరువాత పెద్ద డాలు చాటునుంచి 'గ్లాడియస్' అనే పొట్టి కత్తితో పొడిచేవాడు. ఇరుకులో అదే సులువు.

మరి గుర్రపు రౌతు సంగతి? పొట్టి కత్తి శత్రువుకు అందదు. పరుగు మీద పొడిస్తే కత్తి ఇరుక్కుపోవచ్చు. నరకడమే మేలు. అందుకే హాన్ వంశ కాలంలో (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) చైనావారు ఇనుప కత్తికి ఒక వైపే పదును పెట్టి, వెన్ను మందంగా ఉంచారు. ఇదే 'దావో'. మందపు వెన్ను దెబ్బకు తట్టుకుంటుంది. మీ ఇంట్లో కత్తిపీట వెన్ను చూడండి, తెలుస్తుంది. (పదును వైపు వేలు పెట్టకండి!)

రోమన్ రౌతులు మాత్రం రెండు పదునులూ ఉంచుకొని, కత్తినే పొడుగు చేశారు. అది 'స్పాథా'. క్రీ.శ. 3వ శతాబ్దం నాటికి కాలిబంట్లు కూడా గ్లాడియస్ వదిలి దాన్నే పట్టారు. చైనాలో జియాన్ క్రమంగా యుద్ధరంగం నుంచి తప్పుకొని, అధికారుల నడుముకు అలంకారమైంది.