ఊరు మారినను మారని పని

కామారెడ్డి పట్టణము బెల్లపు వ్యాపారమునకు పేరు గన్నది. అచట బస్సెక్కి పడమటి దిక్కుగా పోయినచో ఎల్లారెడ్డి చేరుదుము. ఈ రెండు ఊళ్లును పూర్వము నిజామాబాదు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినప్పటినుండి అవి ఆ జిల్లాలో చేరినవి. ఈ రెండు ఊళ్ల నడుమ ఒక కంప్యూటరు ప్రోగ్రాము చేసిన ప్రయాణమును గూర్చి ఈ పాఠమున తెలిసికొందము.

ఉద్యోగ విరమణానంతరము నేను ఎల్లారెడ్డి చెంతనున్న ఒక పాఠశాలకు అప్పుడప్పుడు పోయి ఉపాధ్యాయులకు సాయపడుచుండెడివాడను. అచట మార్కుల పత్రములు చేతితో వ్రాయుటకు ఎన్నియో రాత్రులు పట్టుచుండెను. కామారెడ్డిలో డిగ్రీ చదువుచున్న నా పూర్వ విద్యార్థిని యొకతె ఈ సంగతి విని, మార్కులు కూడి పత్రములు ముద్రించు ప్రోగ్రామును పైథాన్ భాషలో వ్రాసెను.

పత్రములు పంచు దినమున తల్లిదండ్రులు వచ్చిరి. వారిలో పలువురు ఆనాటి కూలి మానుకొని వచ్చినవారు. విద్యార్థిని తన ప్రోగ్రామును పెన్‌డ్రైవులో తెచ్చి పాఠశాల కంప్యూటరులో నుంచెను. అది నడువలేదు. మధ్యాహ్నము దాటినను నడువలేదు. “సార్, మరల ఎప్పుడు రావలెను? ఇంకొక దినపు కూలి పోవునే!” అని ఒక తల్లి అడిగెను. నాకు బదులు తోచలేదు.

“సార్, కామారెడ్డిలో చక్కగా నడిచినది” అని విద్యార్థిని కన్నీరు పెట్టుకొనెను.

“బిడ్డా, నీ మాట నిజమే. కాని వీరు వచ్చినది ఇచ్చటికి గదా!” అంటిని.

బాలలారా! ఏ ప్రోగ్రామును ఒంటరిగా బ్రతుకజాలదు. దానికి తన భాషను అర్థము చేసికొను సాధనము కావలెను. ఇతరులు ముందే వ్రాసియుంచిన చిన్న ప్రోగ్రాములు కావలెను. వీటిని లైబ్రరీలు అందురు. ఆమె కంప్యూటరులోని పైథాన్ క్రొత్తది, పాఠశాలలోనిది పాతది. లోపమంతయు అచట నుండెను. పెండ్లి వంటవారిని చూడుడు. వారు పొరుగూరికి పోవునప్పుడు గుండిగలు, గరిటెలు, పొయ్యిలు వెంట తీసికొని పోవుదురు. ప్రోగ్రాము కూడ అట్లే పోవలెను.

ఇట్టి చిక్కు పూర్వము ఓడల వారికిని ఉండెను. మూటలు, పీపాలు, బస్తాలు ఒక్కొక్కటిగా ఎక్కించి దించుటకు దినములు గడచుచుండెను. 1956 ఏప్రిల్ 26వ తేదీన అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అను లారీల వర్తకుడు ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడపై 58 పెద్ద పెట్టెలను నూవార్కు రేవునుండి హ్యూస్టనుకు పంపెను. సరకు పెట్టెలోనే యుండును; పెట్టెయే లారీనుండి ఓడకు మారును. తరువాత ఇట్టి పెట్టెలకు పెక్కు దేశములు ఒప్పుకొనిన కొలతలు ఏర్పడెను. లోపల బియ్యమున్నను, యంత్రములున్నను ఎత్తు క్రేనుకు భేదము లేదు. మన విశాఖపట్టణపు రేవునందును ఇట్టి కంటైనర్లను చూడవచ్చును.

ప్రోగ్రాములకును ఇట్టి పెట్టెయే కనుగొనబడినది. 1979లో యూనిక్స్ వ్యవస్థయందు, ఒక ప్రోగ్రామునకు ఫైళ్లలో కొంత భాగమునే సమస్తముగా చూపు ఉపాయము వచ్చెను. 2008లో లినక్స్ వ్యవస్థయందు, ఒక్కొక్క ప్రోగ్రాముల గుంపునకు ఇంత జ్ఞాపకశక్తి, ఇంత పని కాలము అని కొలిచి యిచ్చు ఏర్పాటు చేరెను. మంజీరా నదిపై 1923 మొదలు 1931 వరకు కట్టిన నిజాంసాగరు మన జిల్లాలోనిదే. ఎగువ రైతు నీరంతయు తీసికొన్నచో దిగువ పొలము ఎండును. కావుననే తూములవద్ద కొలత. కంప్యూటరులోని కొలతయు అట్టిదే. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ అను ఆయన ‘డాకర్’ను లోకమునకు చూపగా ఈ విద్య సామాన్యులకు సులభమయ్యెను. డాకర్ అనగా రేవులో సరకు ఎక్కించి దించు పనివాడు.

కంటైనరు వేరొక కంప్యూటరు కాదు. ఒకే ప్రాంగణమున అనేక గదులున్నట్లు తలంపుడు. ప్రతి గదికి తన తలుపు, తన వంట కలదు. బావి మాత్రము అందరికి ఒక్కటే. ఆ బావి వంటిది వ్యవస్థకు మూలమైన కెర్నెల్. అందువలన కంటైనరు తేలికగా నుండి క్షణములలో మేల్కొనును.

దీనిని నేర్చువారు మూడు మాటలు గుర్తుంచుకొనవలెను. ఏమేమి కావలెనో వరుసగా వ్రాసిన కాగితము వంటిది డాకర్‌ఫైల్. దానిని బట్టి ‘డాకర్ బిల్డ్’ అను ఆజ్ఞతో తయారగునది ఇమేజ్. అది బెల్లపు అచ్చు వంటిది. ‘డాకర్ రన్’ అనగా ఆ అచ్చునుండి నడచు కంటైనరు పుట్టును. ఒక అచ్చునుండి ఎన్ని బెల్లపు దిమ్మలైనను వచ్చినట్లు, ఒక ఇమేజ్‌నుండి ఎన్ని కంటైనర్లయినను వచ్చును. ఏవి నడచుచున్నవో ‘డాకర్ పీఎస్’ చెప్పును. లోపల ఏమి జరిగినదో ‘డాకర్ లాగ్స్’ చూపును. ‘డాకర్ స్టాప్’ ఆపును. అయితే ఎవరు చేసిరో తెలియని ఇమేజ్‌ను నడుపరాదు. అపరిచితుడు ఇచ్చిన మూటను ఇంట నుంచుకొందుమా?

విద్యార్థిని నెల దినములు ఈ విద్య నేర్చెను. పాఠశాల కంప్యూటరులో డాకర్‌ను నెలకొల్పి తన కంటైనరును నడిపెను. కామారెడ్డిలో నడిచినట్లే ఎల్లారెడ్డిలో నడిచెను. మేమందరము సంతోషించితిమి.

కాని కథ అంతటితో ముగియలేదు. ఒక చిన్న తప్పు దిద్దుటకు ఆమె పాత కంటైనరును తొలగించి క్రొత్తదానిని పెట్టెను. అంతలో ఉపాధ్యాయులు ఎక్కించిన మార్కులన్నియు మాయమయ్యెను! కంటైనరును ఆపినంతమాత్రమున అందులోని వ్రాత పోదు; తొలగించినచో పోవును. మార్కులు కంటైనరు లోపలనే వ్రాయబడుచుండెను. కాగితపు రిజిస్టరు ఉండుటచేత బ్రతికితిమి. రెండు రాత్రులు కూర్చుండి మరల ఎక్కించితిమి. అప్పుడు ఆమె ‘వాల్యూమ్’ అను ఏర్పాటు చేసి మార్కులను కంటైనరు వెలుపల భద్రపరచెను. ఆ వాల్యూమునకును వేరొక చోట నకలు ఉంచెను.

పెద్ద సంస్థలలో కంటైనర్లు వేలకొలది యుండును. వాటిని కనిపెట్టుటకు గూగుల్ సంస్థ 2014లో ‘కుబెర్నెటిస్’ను వెలువరించెను. ఇది గ్రీకు పదము. ఓడ చుక్కాని పట్టువాడని అర్థము. మన భాషలో కర్ణధారుడు. ఒక కంటైనరు కూలినచో దాని స్థానమున మరియొకటి నిలుపుట అతని పని. కాని ఒక చిన్న పాఠశాలకు అంతటి కర్ణధారుడు అక్కరలేదు. పడవకు తగిన తెడ్డు చాలును.

మరుసటి పరీక్షల తరువాత పత్రములు పంచు దినము వచ్చెను. నాడు కూలి పోయినదని అడిగిన తల్లియు వచ్చెను. పది గంటలకే ఆమె చేతికి పత్రము అందెను. “ఇంకను పూట మిగిలినది సార్, పనికి పోవుదును” అని ఆమె వెడలిపోయెను. విద్యార్థిని ఆమె పోయిన దారివైపే చూచుచు నిలిచెను.

బాలలారా! మన ఇంట నడిచిన పని సగము పని. అక్కర యున్నవారి ఇంట నడిచిననాడే అది పూర్తియగును.

ప్రశ్నలు

1. విద్యార్థిని వ్రాసిన ప్రోగ్రాము ఎల్లారెడ్డిలో మొదట ఏల నడువలేదు?
2. ఇమేజ్‌కును కంటైనరుకును గల భేదమేమి?
3. మార్కులు ఎట్లు మాయమయ్యెను? వాటిని కాపాడుటకు చేసిన ఏర్పాటేమి?
4. “మన ఇంట నడిచిన పని సగము పని” అను మాటను మీ అనుభవములోని ఒక ఉదాహరణతో వివరింపుడు.