థర్మోకోల్ పలకల నిలువ, రవాణా

పాఠశాల రేకుల కప్పు క్రింద వేడిమి తగ్గించుటకై థర్మోకోల్ పలకలు తెప్పించు పంచాయతీలు, వాటిని ముందుగా ఎచ్చట భద్రపరుపవలెనో ఆలోచింపవలెను. ఈ పలకలో నూటికి 98 పాళ్లు గాలియే. అది సుమారు 100 డిగ్రీల వేడికే మెత్తబడును; అంటుకొన్నచో దట్టమైన విషపు పొగ క్రమ్మును. 1996 ఏప్రిల్ 11న జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయమున వెల్డింగు రవ్వలు ఇట్టి పలకలకు సోకి 17 మంది మరణించిరి.

మన పంచాయతీలలో సామాను గది తరచు ఒక్కటే. దోమల పొగయంత్రపు పెట్రోలు, రంగుల డబ్బాలు, థర్మోకోల్ అన్నియు అందే చేరును. ఇది మిక్కిలి ప్రమాదకరము. పెట్రోలు తగిలిన పలక కరగిపోవును. క్రొత్త పలకలనుండి కొన్నాళ్లు మండెడి ఆవిరి స్వల్పముగా వెలువడును గనుక కిటికీలు తెరచియుంచవలెను. మధ్యాహ్న భోజనపు వంటగది ప్రక్కన ఎంతమాత్రము ఉంచరాదు. ఎండ తగిలిన పలక పసుపెక్కి పొడి రాలును.

ట్రాక్టరుపై తెచ్చునప్పుడు టార్పాలిన్ కప్పి, వెడల్పు పట్టీలతో బిగింపవలెను. సన్నని త్రాడు అంచులను కోయును. బండి మీద బీడీ కాల్చనీయరాదు.

కప్పు వెల్డింగు పూర్తియైన తరువాతనే పలకలను గదినుండి వెలికి తీయుడు. బిగించిన పిమ్మట జిప్సమ్ పలకతో కప్పక విడువకుడు.